పదహారు మంది, అర గ్రౌండు: చిన్న ఆటలతో మీ ఫుట్‌బాల్ టీముకు ప్రాక్టీసు ఇవ్వడం ఎలా

సాయంత్రం ఆరింటికి పద్నాలుగు మందో పదహారు మందో పోగవుతారు. గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు కొట్టి, కాసేపు వరసగా నిలబడి గోల్‌లోకి బంతులు తన్ని, ఆ తర్వాత రెండు జట్లయి చీకటి పడేదాకా మ్యాచ్ ఆడతారు. ఆరు నెలలైనా ఎవరి ఆటా మారదు. "అన్నా, రోజూ ప్రాక్టీసు చేస్తూనే ఉన్నాం, టోర్నమెంటుకి పోతే ఫస్ట్ రౌండులోనే ఇంటికొస్తున్నాం, ఏం చేయాలి?" అని నన్ను అడిగే టీములన్నిటిదీ దాదాపు ఇదే కథ. ప్రతి ఒక్కరికీ ఫోనులో అరగంట చెప్పే బదులు ఒకసారి రాసిపెడితే సరిపోతుందని కూర్చున్నాను.

ముందే చెప్తున్నా, నేను లైసెన్సు ఉన్న కోచ్‌ని కాను. సికింద్రాబాద్‌లో ఒక స్కూల్ గ్రౌండులో కాలేజీ పిల్లల్ని, ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లని కలిపి వారానికి మూడు రోజులు ఆడిస్తుంటాను, అంతే. ఒకసారి మోకాలు వాచి బయట కూర్చోవాల్సి వచ్చినప్పుడు, ఊరికే ఉండలేక మా రైట్ బ్యాక్ (కుడివైపు డిఫెండర్) కుర్రాడు బంతిని ఎన్నిసార్లు తాకుతాడో లెక్కపెట్టాను. పెద్ద మ్యాచ్‌లో ఇరవై నిమిషాలకి ఏడుసార్లు, అందులో రెండు త్రో-ఇన్‌లు. తర్వాతి ప్రాక్టీసులో అదే కుర్రాణ్ణి నలుగురితో నలుగురు ఆడే ఆటలో పెట్టి నాలుగు నిమిషాలు లెక్కపెడితే పందొమ్మిది. థియరీ ఇంతకన్నా అక్కర్లేదు.

అలాగని చిన్న జట్లు చేసి వదిలేస్తే మాత్రం అది ఉత్త గల్లీ మ్యాచే. మీ చేతిలో ఉన్నవి మూడు: గ్రౌండు సైజు, మనుషుల సంఖ్య, ఒక రూలు. వీటిని ఎటు కదిపితే ఆట అటు నేర్పుతుంది. కింద చెప్పేదంతా వాటిని ఎలా కదపాలనేదే. (నలుగురితో నలుగురు ఆడేదాన్ని 4-4 అని, ముగ్గురితో ముగ్గురైతే 3-3 అని రాస్తున్నాను.)

కావలసినవి

బంతులు కనీసం నాలుగు, 5వ నంబరువి. ఒక్క బంతితో చిన్న ఆటలు ఆడించడం దండగ, అది గోడ అవతల పడిన ప్రతిసారీ మనవాళ్లు నడుం మీద చేతులేసుకుని నిలబడతారు, వేడెక్కిన ఒళ్లు చల్లబడుతుంది. గాలి ఒత్తిడి 8.5 నుంచి 15.6 పీఎస్ఐ (పంపు మీటరు మీద కనిపించే అంకె) మధ్య ఉండొచ్చని రూల్సులోనే ఉంది. మన గట్టి మట్టి గ్రౌండ్లకి కింది అంకెకి దగ్గరగా ఉంచండి, లేకపోతే బంతి కుందేలులా గెంతుతుంది.

కోన్లు పదహారు నుంచి ఇరవై. లేకపోతే సగం నీళ్లు పోసిన బాటిళ్లు, చెప్పులు, బ్యాగులు ఏవైనా పనికొస్తాయి. ఇటుకలు, రాళ్లు మాత్రం వద్దు. గోల్ పోస్టుగా పెట్టిన ఇటుక మీద పడి మణికట్టు విరగ్గొట్టుకున్నవాణ్ణి ఆటోలో ఎక్కించుకెళ్లింది నేనే.

బిబ్బులు (జట్టు తెలిసేలా టీషర్టు మీద వేసుకునే రంగు బనియన్లు) రెండు రంగులవి, వీలైతే మూడో రంగువి రెండు. కొనలేకపోతే ముందురోజు గ్రూపులో మెసేజ్ పెట్టండి: ఒక తెల్ల టీషర్టు, ఒక నల్లది తెచ్చుకోవాలని. చొక్కాలు విప్పిన జట్టు, విప్పని జట్టు అనే పద్ధతి చీకటి పడ్డాక ఎలాగూ పనిచేయదు, టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి గ్రౌండు) మీద పడితే వీపు గీరుకుపోతుంది కూడా.

ఫోనులో స్టాప్‌వాచ్, ఒక విజిల్, జేబులో పట్టే నోట్‌బుక్కు. గీతలకి ముగ్గు పిండి. సున్నం పొడి చల్లకండి, కళ్లలో పడినా, గీరుకుపోయిన మోకాలికి తగిలినా కాలుతుంది. మనిషికో లీటరు నీళ్లు, రెండు మూడు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఒక క్రేప్ బ్యాండేజీ, కొంచెం ఐసు.

1. ఈ వారం నేర్పాల్సింది ఒక్కటే రాసుకోండి

గ్రౌండుకి వెళ్లకముందే, ఇంట్లో. "పాసింగ్, ఫినిషింగ్, స్టామినా, డిఫెన్స్" అని నాలుగు రాసుకుంటే నాలుగూ అవ్వవు. పోయిన మ్యాచ్‌లో మీకు బాగా తలనొప్పి తెచ్చింది ఏది? బంతి పోగానే అందరూ రెఫరీ వైపు చూస్తూ నిలబడిపోయారా? వింగ్‌లో ఒకడు ఖాళీగా చేతులూపుతున్నా ఎవరూ ఇవ్వలేదా? అది రాసుకోండి, ఒక్క వాక్యంలో. రెండు వారాలు దాని మీదే ఉండండి. కుర్రాళ్లు "మళ్లీ ఇదేనా" అంటారు. అననివ్వండి.

2. గ్రౌండు కొలవండి

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు, అందుకే కొంచెం లెక్క చెప్పక తప్పదు. పూర్తి గ్రౌండు 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు అనుకుంటే 7,140 చదరపు మీటర్లు. ఇరవై రెండు మందికి పంచితే ఒక్కొక్కరికి సుమారు 325 వస్తుంది. అదే 4-4 ని 30 × 20 మీటర్లలో ఆడిస్తే ఒక్కొక్కరికి 75. అంటే పెద్ద మ్యాచ్‌లో దొరికే చోటులో నాలుగో వంతు కూడా లేదు. చోటు తగ్గితే బంతి వచ్చేలోపే ఆలోచించాలి, పెరిగితే ఎక్కువ పరిగెత్తాలి. ఇంతే సూత్రం.

మొదలుపెట్టడానికి ఈ సైజులు తీసుకోండి:

3-3: ఇరుకుగా కావాలంటే 25 × 18, విశాలంగా కావాలంటే 30 × 20
4-4: ఇరుకు 30 × 20, విశాలం 36 × 24
5-5: ఇరుకు 35 × 25, విశాలం 42 × 28
7-7: 55 × 35

టేపు అక్కర్లేదు. కాళ్లు బాగా చాచి వేసిన అంగ ఒకటి దాదాపు మీటరు. ఒకసారి ఇంటి దగ్గర టేపు పెట్టి మీ పది అంగలు ఎంతొస్తాయో చూసుకుంటే ఎప్పటికీ పనికొస్తుంది. నావి పది వేస్తే తొమ్మిదిన్నర మీటర్లే.

సైజు సరిగ్గా ఉందో లేదో మొదటి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. బంతి నాలుగు సెకన్లకోసారి గీత దాటుతూ, తల ఎత్తి చూసే తీరిక ఎవరికీ లేకుండా కాళ్లకి కాళ్లు తగులుతుంటే ప్రతి వైపూ మూడు అంగలు పెంచండి. బంతి అందుకున్నవాడు తాపీగా ఆపి, అటూ ఇటూ చూసి, ఒకరి పేరు పిలిచి మరీ ఇస్తున్నాడంటే తగ్గించండి. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకి ఎప్పుడూ విశాలమైన సైజుతోనే మొదలుపెట్టాలి. ఇరుకులో పెడితే వాళ్లు నేర్చుకునేది భయపడి తన్నడం ఒక్కటే.

గోల్ అంటే రెండు కోన్ల మధ్య రెండు మీటర్లు, కీపర్ లేకుండా. కీపర్‌ని పెడితే నాలుగైదు మీటర్లు చేయండి.

స్కూల్ గ్రౌండైతే మధ్యలో క్రికెట్ పిచ్ ఉంటుంది కదా, దాని మీద ఆడించకండి. ఆ గట్టి నేల మీద స్టడ్స్ జారతాయి, పైగా క్రికెట్ వాళ్లతో గొడవ. డబ్బులిచ్చి ఆడే టర్ఫ్ అయితే చుట్టూ నెట్ ఉంటుంది కాబట్టి బంతి బయటికే పోదు, ఆట ఆగదు, మీరు అనుకున్నదానికంటే త్వరగా అలిసిపోతారు. అక్కడ ఒక్కో రౌండు (7లో చెప్పే నాలుగు నిమిషాల ఆట) ఒక నిమిషం తగ్గించండి.

3. జట్లు మీరే విడదీయండి

ఇద్దరు కెప్టెన్లు ఒకరి తర్వాత ఒకరు ఎంచుకునే పద్ధతి వద్దు. చివరిదాకా మిగిలిపోయే కుర్రాడు వచ్చే వారం రాడు. ఇంటి దగ్గరే పేర్లు రాసుకుని వెళ్లండి, బాగా ఆడేవాళ్లని సమంగా పంచండి. ఒకే కాలనీ వాళ్లు, ఒకే ఆఫీసు వాళ్లు ఒకే జట్టులో ఉంటే ఒకరికొకరే ఇచ్చుకుంటారు, విడగొట్టండి.

బేసి సంఖ్య వస్తే ఒకరిని జోకర్ చేయండి. పేకాటలో జోకర్ ఎటైనా కలిసినట్టే, బంతి ఏ జట్టు దగ్గరుంటే ఆ జట్టు తరఫున ఆడతాడు. గోల్ కొట్టకూడదు, బంతి వచ్చినప్పుడు రెండు టచ్‌ల (రెండుసార్లు తాకడం) కంటే ఎక్కువ తీసుకోకూడదు. మొదట్లో పాస్ బాగా ఇచ్చేవాణ్ణే జోకర్‌గా పెట్టండి, ఆట నిలబడుతుంది. తర్వాత్తర్వాత బలహీనంగా ఆడేవాణ్ణి పెట్టండి, ఎందుకంటే జోకర్‌కి అందరికన్నా ఎక్కువ బంతులు వస్తాయి, అతని మీదకి ఎక్కి వచ్చేవాళ్లు తక్కువ.

4. పదిహేను నిమిషాల వార్మప్, బంతితోనే

గ్రౌండు చుట్టూ రౌండ్లు మానేయండి. మెల్లగా పరుగు, పక్కలకి అడుగులు, మోకాళ్లు పైకెత్తి నడక, చిన్న చిన్న గెంతులు ఒక ఏడెనిమిది నిమిషాలు. నిలబడి కండరాలు లాగి పట్టుకునే స్ట్రెచింగ్ ఆట అయ్యాక చేసుకోవచ్చు. ఓపిక ఉన్నవాళ్లు ఫిఫా 11+ అని వెతకండి, గాయాలు తగ్గించడానికే తయారుచేసిన ఇరవై నిమిషాల వార్మప్ అది, బొమ్మలతో సహా ఉచితంగా దొరుకుతుంది.

తర్వాత ఐదుగురు చుట్టూ నిలబడి మధ్యలో ఇద్దరు దొంగలు. పది అంగల చదరం. బంతి పోగొట్టినవాడు దొంగ అవుతాడు, ఇద్దరిలో ఎక్కువసేపటి నుంచి మధ్యలో ఉన్న దొంగ బయటికి వస్తాడు. అందరికీ తెలిసిన ఆటే కానీ ఒక్కటి చూడండి: బయటున్నవాళ్లు మడమలు నేలకి ఆనించి నిలబడుతున్నారా, బంతి వేరేవాడి దగ్గరున్నప్పుడు రెండడుగులు జరిగి దారి చూపిస్తున్నారా. నిలబడితే దొంగే అని రూలు పెట్టండి, నవ్వుకుంటూనే కదులుతారు.

5. మొదటి నాలుగు నిమిషాలు ఏ రూలూ లేకుండా

4-4, మామూలు ఆట. మీరు నోరు మూసుకుని చూడండి. ఇది చాలా కష్టం, నాకు ఇప్పటికీ కష్టమే. నోట్‌బుక్కులో ఒక్క అంకె రాయండి, మీరు ఇంట్లో రాసుకున్న విషయానికి సంబంధించింది: బంతి పోయాక వెంటనే ఎన్నిసార్లు వెనక్కి లాక్కున్నారు, లేదా వరసగా మూడు పాసులు ఎన్నిసార్లు పడ్డాయి. రెండు వారాల తర్వాత పోల్చుకోవడానికి ఇదే ఆధారం.

6. ఇప్పుడు ఒక్క రూలు పెట్టండి

ఒక్కటే. జబ్బుకి తగ్గ మందు అన్నట్టు, కింద వాటిలో మీకు కావలసింది తీసుకోండి.

పాస్ ఇవ్వరు, ప్రతివాడూ డ్రిబ్లింగే (బంతిని తానే కాళ్లతో తీసుకెళ్లడం). 4-4 కి ఇద్దరు జోకర్లని కలపండి. ఎప్పుడు చూసినా బంతి ఉన్న జట్టు ఆరుగురు అవుతారు, ఖాళీ మనిషి కచ్చితంగా కనిపిస్తాడు. మనిషికి మూడు టచ్‌లు. రెండు టచ్‌లతో మొదలుపెట్టకండి. నేను ఆ ఉత్సాహంతోనే మొదటి నెలంతా పాడుచేశాను: బంతి రాగానే కంగారుపడి ఎటో ఒకటు తన్నేవాళ్లు, సగం బంతులు కాలువలో, మిగతా సగం ప్రహరీ అవతల. మూడు టచ్‌లకి అలవాటు పడ్డాక రెండు. గోల్‌కి దగ్గరగా ఉన్న మూడో వంతులో మాత్రం ఎన్ని టచ్‌లైనా వదిలేయండి, డ్రిబ్లింగ్ చేయగలిగినవాడి కాళ్లు కట్టేస్తే మీకే నష్టం.

బంతి పోగానే నిలబడిపోతారు. ఐదు సెకన్ల రూలు. బంతి పోయిన ఐదు సెకన్లలోపు తిరిగి లాక్కుంటే ఒక పాయింటు, గోల్‌కీ ఒక పాయింటే. బయటున్నవాళ్లు "ఒకటి, రెండు, మూడు" అని గట్టిగా లెక్కపెట్టాలి, ఆ కేకలే సగం పని చేస్తాయి. ఇరుకు సైజు వాడండి. విశాలమైన గ్రౌండులో ఐదు సెకన్లలో ఎవరూ ఎవరినీ అందుకోలేరు, రూలు వట్టిదైపోతుంది.

అందరూ ఒకేవైపు గుమిగూడతారు. ఒక్కో జట్టుకి ఒక గోల్ బదులు రెండు చిన్న గోల్‌లు, రెండు మూలల్లో. ఒకవైపు మూసుకుపోతే రెండోవైపు తిప్పాల్సిందే. పొడవు తగ్గించి వెడల్పు పెంచండి, 25 పొడవు, 35 వెడల్పు. కీపర్లు వద్దు.

డిఫెండర్లు వెనకే ఉండిపోతారు, ముందుకి కదలరు. గోల్ పడే సమయానికి మీ జట్టులో ప్రతివాడూ సగం గీత దాటి ఉంటేనే గోల్ లెక్క. ఎదుటి జట్టులో ఎవడైనా ఇంకా వెనక్కి రాకుండా మీ సగంలోనే ఉంటే ఆ గోల్‌కి రెండు. మా దగ్గర ఆఫీసు ప్యాంటు మార్చుకుని వచ్చే ఒకాయన ఉన్నాడు, నలభై దాటాయి, గోల్ పక్కన చెట్టులా నిలబడేవాడు, ఎంత చెప్పినా వినడు. ఈ రూలు పెట్టిన రోజు వాళ్ల జట్టు మంచి గోల్ ఒకటి కొట్టి గంతులేస్తుంటే నేను చెయ్యి అడ్డంగా ఊపాను, ఆయన ఇంకా గీత వెనకే ఉన్నాడు. జట్టులో మిగతా ముగ్గురూ ఒకేసారి తిరిగి ఆయన వైపు చూశారు. ఏమీ అనలేదు. మళ్లీ దాడికి వెళ్లేటప్పుడు మాత్రం ముగ్గురు ఒకే గొంతుతో "అన్నా, గీత దాటు!" అని అరిచారు, ఆయన ఒగరుస్తూ పరిగెత్తాడు. ఆ సీజనంతా మళ్లీ నేను ఆయనకి ఆ మాట చెప్పాల్సిన పని పడలేదు.

షూటింగ్ రాదు. 3-3, ఇద్దరు కీపర్లు, పెద్ద గోల్‌లు, రెండు గోల్‌ల మధ్య 25 మీటర్లే. ఎక్కడ నిలబడినా కొట్టొచ్చు. కీపర్ దగ్గర రెండేసి బంతులు ఉంచండి, ఒకటి బయటికి పోగానే ఇంకోటి విసిరేయాలి. కీపర్‌కి తగిలి వచ్చిన బంతిని గోల్ చేస్తే రెండు పాయింట్లు, లేకపోతే కొట్టినవాడు కొట్టి చూస్తూ నిలబడతాడు.

ఒకే కాలు వాడతారు. రెండో కాలితో కొట్టిన గోల్‌కి మూడు పాయింట్లు. హైదరాబాద్‌కి ఇలాంటివి కొత్త కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టుని నాలుగో స్థానం దాకా, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం దాకా తీసుకెళ్లిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఈ ఊరాయనే. డ్రిబ్లింగ్ చేయకూడని పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు ఇక్కడ ఆయన పెట్టించేవారని చెప్తారు. మనం గొప్పగా కనిపెట్టామనుకునేవి ఆ తరం వాళ్లు ఎప్పుడో ఆడేశారు.

స్టామినా లేదు. 3-3, 30 × 20, కీపర్లు లేకుండా, మూడేసి నిమిషాలు. మనుషులు తక్కువై చోటు ఎక్కువైనకొద్దీ గుండె అదిరిపోతుంది. మ్యాచ్‌కి ముందు రెండు రోజుల్లో ఇది పెట్టకండి, కాళ్లు బరువెక్కి మ్యాచ్ పోతుంది.

7. టైము పట్టండి

4-4 కి నాలుగు నిమిషాల ఆట, రెండు మూడు నిమిషాల విశ్రాంతి, ఇలా నాలుగు రౌండ్లు. పదహారు నిమిషాలేనా అనిపిస్తుంది. సరిగ్గా ఆడితే మూడో రౌండు చివర మీ పిల్లలు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంటారు. పెట్టుకోలేదంటే గోల్ పడ్డాక నడుస్తున్నారో, బంతి కోసం ఆగుతున్నారో చూడండి. బంతి బయటికి పోతే తెచ్చుకోవడం లేదు, గీత పక్కన పెట్టిన ఇంకో బంతితో వెంటనే ఆడాలి. త్రో-ఇన్‌లు లేవు, కాలితోనే లోపలికి. గోల్ కొట్టాక సంబరాలు కూడా లేవు, రాత్రి ఇంటికెళ్లి చేసుకోమనండి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఆరుకి కూడా నేల సెగలు కక్కుతుంటుంది, టర్ఫ్ అయితే ఇంకా వేడి. ఆ రెండు నెలలూ పొద్దున ఆరుకి మార్చుకోండి, రౌండు మూడు నిమిషాలకి తగ్గించండి, ప్రతి విశ్రాంతిలోనూ నీళ్లు. ఎవరికైనా తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, మాట తడబడినా ఆ రోజుకి ఆట అయిపోయినట్టే, వెంటనే నీడలోకి తీసుకెళ్లి తడిగుడ్డతో ఒళ్లంతా చల్లబరచండి. మాట తడబడటం ఆగకపోయినా, స్పృహ తప్పుతున్నా ఇక ఆలోచించకుండా ఆసుపత్రికి. "కాసేపు కూర్చుని మళ్లీ ఆడతా అన్నా" అంటే ఒప్పుకోవద్దు.

8. ఆట ఆపేది రౌండుకి ఒక్కసారే

ప్రతి తప్పుకీ విజిల్ వేస్తే అది ఆట కాదు, ట్రాఫిక్ పోలీసు డ్యూటీ. మీరు రాసుకున్న ఆ ఒక్క విషయం మీద పెద్ద తప్పు జరిగినప్పుడే ఆపండి. "ఎక్కడున్నవాళ్లు అక్కడే" అనండి. బంతి ఉన్నవాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: "ఇప్పుడు ఖాళీగా ఎవరున్నారు?" వాడు చూసి చెప్తాడు. అక్కడి నుంచే ఆట మొదలు. మొత్తం ఇరవై సెకన్లు. లెక్చరు మొదలుపెడితే మూడో వాక్యానికే షూ లేసులు కట్టుకుంటారు.

9. చివర పదిహేను ఇరవై నిమిషాలు పెద్ద మ్యాచ్, రూలు లేకుండా

దీన్ని వదిలేయకండి. చిన్న ఆటలో నేర్చుకున్నది రూలు తీసేశాక కూడా వస్తోందా అని చూడటానికి ఇదే పరీక్ష. ఉన్నవాళ్లతో 7-7 చాలు.

చిన్న ఆటలతో రానివి

ఇది దాచిపెట్టి రాస్తే మోసం. ఇరవై, ముప్పై మీటర్ల గ్రౌండులో ఎవరూ పూర్తి వేగం అందుకోలేరు, అందుకునేలోపే గీత వస్తుంది. మూడు నెలలు చిన్న ఆటలే ఆడి ఆదివారం పెద్ద గ్రౌండులో ఒక్కసారిగా నలభై మీటర్లు దూసుకెళ్తే తొడ వెనక కండరం పట్టేస్తుంది. మా వాళ్లలో ఇద్దరికి ఒకే మ్యాచ్‌లో అలా జరిగింది, ఆ తప్పు నాదే. అందుకని వారానికి ఒకసారి, వార్మప్ అయ్యాక, ఒళ్లు అలవకముందే, 30 మీటర్ల పరుగులు నాలుగు నుంచి ఆరు. మధ్యలో వెనక్కి నడిచి వచ్చి బాగా ఊపిరి తీసుకోవాలి. మొదటి రెండు వారాలు పూర్తి వేగంలో ముప్పావు వంతు చాలు.

ఆఫ్‌సైడు, కార్నర్లు, పొడవాటి పాసులు కూడా దీంతో రావు. వాటికి వేరే రోజు పెట్టుకోండి.

పని జరుగుతోందో లేదో చూసుకోవడం

"బాగా ఆడారు" అనే మాట నమ్మకండి, మీ మాటైనా సరే.

మొదటిది, నోట్‌బుక్కులో రాసిన అంకె. అదే సైజు, అదే నలుగురు, రూలు లేని నాలుగు నిమిషాలు, రెండు వారాల తర్వాత మళ్లీ. వరసగా మూడు పాసులు మొదట ఐదుసార్లు పడితే ఇప్పుడు ఎన్ని? సైజు మార్చేసి పోల్చకండి, గ్రౌండు పెద్దదైతే ఎవరైనా పాసులు ఎక్కువే ఇస్తారు.

రెండోది, టచ్‌లు. రౌండుకి ఒక్కణ్ణే ఎంచుకుని లెక్కపెట్టండి, బాగా ఆడేవాణ్ణి వదిలేసి అందరికన్నా తక్కువ మాట్లాడే కుర్రాణ్ణి. 4-4 లో కూడా వాడికి నాలుగు నిమిషాల్లో ఐదారు టచ్‌లే వస్తున్నాయంటే మిగతావాళ్లు వాణ్ణి లేనట్టే చూస్తున్నారు. వాణ్ణి తర్వాతి రౌండుకి జోకర్ చేయండి.

మూడోది, అలసట. రౌండు అవ్వగానే ఒక్కొక్కరినీ విడిగా అడగండి, పదికి ఎంత కష్టంగా ఉందని. ఏడు, ఎనిమిది అంటే సరిగ్గా ఉన్నట్టు. నాలుగు అంటే గ్రౌండు పెంచండి లేదా మనిషిని తగ్గించండి. అందరి ముందు అడగకండి, ఒకడు "నాలుగే అన్నా" అంటే మిగతావాళ్లంతా మూడంటారు. ఆరు వారాలకి అదే ఆటకి ఎనిమిది అన్నవాడు ఆరు అంటే దమ్ము పెరిగినట్టే.

నాలుగోది, ఫోను. గోడ మీదో మెట్ల మీదో పెట్టి ఒక్క రౌండు వీడియో తీయండి. బంతిని చూడొద్దు, బంతి లేనివాళ్లని చూడండి. ఎవరు నడుస్తున్నారో అంతా కనిపిస్తుంది. దాన్ని గ్రూపులో పెట్టకండి, సంబంధించినవాడికి మాత్రమే పంపండి.

రెండు వారాలైనా అంకె కదలకపోతే సాధారణంగా కారణం ఒకటే, రెండు మూడు రూల్స్ కలిపి పెట్టి ఉంటారు. ఆడేవాడికి ఏ పాయింటు ఎందుకొచ్చిందో అర్థం కాకపోతే పట్టించుకోవడం మానేస్తాడు. ఒక్కటి మిగిల్చి అన్నీ తీసేయండి.

ఎంతమంది వస్తే ఎలా

ఇది అందరూ అడిగే ఆఖరి ప్రశ్న. ఏడుగురైతే 3-3, ఒక జోకర్. తొమ్మిదైతే 4-4, ఒకడు. పదికి 4-4, ఇద్దరు జోకర్లు, నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఇదే. పన్నెండైతే నలుగురేసి మూడు జట్లు, రెండు ఆడుతుంటే మూడోది బంతులు అందిస్తూ సెకన్లు లెక్కపెడుతుంది. గెలిచిన జట్టు గ్రౌండులో ఉండిపోయే పద్ధతి పెట్టకండి, ప్రాక్టీసు అవసరమైనవాళ్లే బయట కూర్చుంటారు, టైము ప్రకారం మార్చండి. పదహారైతే రెండు గ్రౌండ్లు పక్కపక్కన, మధ్యలో కనీసం ఐదు అంగల ఖాళీ ఉంచి, లేకపోతే ఇటు పరిగెత్తేవాడు అటు పరిగెత్తేవాణ్ణి గుద్దుకుంటాడు.

వాన పడి ముగ్గురే వచ్చిన రోజు ఒకడు కీపర్, ఇద్దరు ఒకరి మీద ఒకరు, నిమిషం ఆట, నిమిషం విశ్రాంతి. నాలుగోవాడు కావాలంటే పక్కన క్రికెట్ ఆగిపోయి చెట్టు కింద నిలబడినవాళ్లలో ఒకణ్ణి పిలవండి. మా ఇప్పటి గోల్ కీపర్ అలా దొరికినవాడే.